అప్‌డేట్: ఆస్ట్రేలియా పౌరసత్వం తీసుకున్నాను, నాన్నగారి పొలం సంగతి తేలింది

ఆస్ట్రేలియా పౌరసత్వం తీసుకుంటే తెనాలి దగ్గర నాన్నగారి పొలం నాకు రాకుండా పోతుందా అని ఇదివరకు అడిగాను. ఓపిగ్గా జవాబులిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. ఇక్కడ మెల్‌బోర్న్‌లో ప్రమాణం చేయడం కూడా అయిపోయింది.

పొలానికి ఢోకా లేదు. ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివాళ్లకు ఇండియా ఇచ్చే కార్డు) ఉన్నవాళ్లు వ్యవసాయ భూమి, తోటలు, ఫామ్‌హౌస్ కొనకూడదు. ఇండియాలో ఉంటున్న తల్లిదండ్రుల నుంచి వారసత్వంగా వస్తే మాత్రం ఉంచుకోవచ్చు. తర్వాత అమ్మాలనుకుంటే అక్కడ నివసించే భారత పౌరులకే అమ్మాలి. నాన్నగారు టెన్షన్‌తో ఇప్పుడే గిఫ్ట్ డీడ్ రాసేస్తానన్నారు. లాయర్ గారు ఆపారు, ఎందుకంటే మాలాంటివాళ్లు సాగుభూమిని బహుమతిగా తీసుకోవడానికి వీల్లేదు. ఇప్పుడు వీలునామా రాయించి రిజిస్టర్ చేయించారు. మీలో ఎవరైనా ఇదే పరిస్థితిలో ఉంటే ఈ తేడా ముందే ఇంట్లో చెప్పండి.

పాస్‌పోర్టు విషయం సూటిగానే ఉంది. 1955 పౌరసత్వ చట్టం ప్రకారం వేరే దేశ పౌరసత్వం స్వచ్ఛందంగా తీసుకోగానే మనది రద్దవుతుంది. పాత పాస్‌పోర్టు సరెండర్ చేసి, ఆ సర్టిఫికెట్‌తో ఓసీఐకి అప్లై చేశాను.

ఓటు హక్కు పోవడం మాత్రం నిజంగా బాధగా ఉంది. మా ఊరి పంచాయతీ ఎన్నికలంటే నాకు ప్రాణం. అయినా పిల్లల చదువులు, మా ఆవిడ ఉద్యోగం ఇక్కడే కాబట్టి ఈ నిర్ణయం సరైనదేనని గట్టిగా నమ్ముతున్నాను. కార్డు రాగానే అందరం తెనాలి వెళ్తున్నాం.