నాన్నకు కూడా కార్టూన్ నచ్చితే పిల్లవాడికి మేలా, కీడా?

బ్రాడీపేట అమ్మ, గుంటూరు:

మా బాబుకు నాలుగేళ్లు నిండాయి. సాయంత్రం వాడు ఛోటా భీమ్ చూస్తుంటే మా వారు కూడా పక్కన చేరి వాడికంటే ఎక్కువ సంబరంగా చూస్తారు. భీముడు లడ్డూ నోట్లో వేసుకోగానే ఇద్దరూ ఒకేసారి కేక పెడతారు. మా అత్తగారికి ఇది నచ్చదు. "తండ్రే టీవీ ముందు నుంచి లేవకపోతే పిల్లవాణ్ణి లెమ్మని చెప్పేదెవరు?" అని ఆవిడ అడుగుతారు. రెండు నుంచి ఐదేళ్ల పిల్లలు రోజుకు గంటకు మించి చూడరాదని పిల్లల వైద్యులు చెబుతున్నారు, మా ఇంట్లో ఆ గంట దాటడం లేదు. కనుక నా సందేహం సమయం గురించి కాదు. తండ్రి కూడా అంత ఇష్టంగా చూడటం వల్ల పిల్లవాడికి మేలు జరుగుతుందా, లేక ఉన్న ఇష్టం కాస్తా వ్యసనంగా మారుతుందా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

కృష్ణలంక నాన్న, విజయవాడ:

అమ్మా, మీ వారు చేస్తున్నది మంచి పనేనని నా నమ్మకం. భారత పిల్లల వైద్యుల సంఘం 2021లో రూపొందించిన మార్గదర్శకాలు గంట పరిమితితో పాటు, పెద్దలు దగ్గరుండి చూడాలని కూడా చెప్పాయి. మనలో చాలామంది ఆ రెండో మాటను వదిలేసి, పిల్లలను టీవీకి అప్పగించి వంటింట్లోకో ఫోనులోకో వెళ్లిపోతున్నాం. అమెరికాలో 1969లో మొదలైన పిల్లల టీవీ కార్యక్రమం సెసమీ స్ట్రీట్ రూపకర్తలు పెద్దలకు నచ్చే హాస్యాన్నీ, పేరున్న కళాకారులనూ కావాలనే అందులో చేర్చారు. పక్కన తల్లో తండ్రో కూర్చుంటే, చూసినదాని గురించి మాట్లాడుకుంటారని, దానివల్ల పిల్లలు ఎక్కువ నేర్చుకుంటారని వారి ఆలోచన. ఆస్ట్రేలియాలో 2018లో మొదలైన బ్లూయీ కార్టూన్‌లో ఒక్కో భాగం ఏడు నిమిషాలే ఉంటుంది, అందులో తండ్రి పాత్ర తన కూతుళ్ల ఆటల్లో పూర్తిగా లీనమవుతుంది. దాన్ని పిల్లలతో సమానంగా ఇష్టపడే పెద్దలు ఎందరో ఉన్నారు.

మా పాపకు ఐదేళ్లు. ఛోటా భీమ్‌లోని కాలియాకు భీముడంటే ఎందుకంత అసూయ అని ఒకరోజు తనే అడిగింది. ఆ కథ నాకు కూడా తెలుసు కాబట్టి, మర్నాడు బడికి వెళ్లే దారి పొడవునా అసూయ గురించి మాట్లాడుకున్నాం. నేను చూసి ఉండకపోతే "ఏమోనమ్మా" అని ఊరుకునేవాణ్ణి. నా సరదాలు టీవీతో ఆగవు. ఆదివారం పాపను ప్రకాశం బ్యారేజీకి తీసుకెళ్లి గేట్లు లెక్కపెట్టిస్తాను, స్టేషన్‌లో పినాకిని ఏదో రత్నాచల్ ఏదో గుర్తుపట్టిస్తాను. తండ్రికి దేనిపై మనసుందో పిల్లలకు తెలియాలి కదా!

విశ్రాంత ఉపాధ్యాయురాలు, లక్ష్మీపురం, గుంటూరు:

ఒకటో తరగతి పిల్లలతో ముప్పై ఏళ్లు గడిపినదాన్ని కాబట్టి మీ ఇద్దరితోనూ కొంత విభేదిస్తున్నాను. తండ్రి పక్కన కూర్చోవడంలో తప్పు లేదు. అయితే పెద్దల ఉత్సాహం బరువైనది, అది పిల్లల ఉత్సాహం మీద కూర్చుంటే లేవదు. వినాయక చవితికి మట్టి విగ్రహాలు చేసి తెమ్మని చెప్పిన ఏడాది, ఒక పిల్లవాడు తొండం, చెవులు, ఎలుకతో సహా అచ్చు గుద్దినట్టున్న విగ్రహం తెచ్చాడు. చేసింది వాళ్ల నాన్న. వాడి చేతికి మట్టి అంటనే లేదని వాడి ముఖం చూస్తేనే తెలిసింది. ఆ తండ్రిది నిజమైన ప్రేమేనని నేను ఇప్పటికీ అనుకుంటాను.

మా చిన్నతనంలో రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు గారు, అక్కయ్య కామేశ్వరి గారు రేడియోలో బాలానందం అనే పిల్లల కార్యక్రమం నడిపేవారు. అందులో పాడేదీ, పద్యం చెప్పేదీ, నాటకం ఆడేదీ పిల్లలే. ఆ దంపతుల ఉత్సాహానికి కొదవ లేదు, కానీ అది పిల్లల వెనుక నిలబడేది. మీ వారు ఎప్పుడు కేక వేస్తారో గమనించండమ్మా. బాబు వేశాక వేస్తున్నారా, ముందే వేస్తున్నారా?

కృష్ణలంక నాన్న, విజయవాడ:

టీచర్ గారూ, మీ మాట నాకు తగలవలసిన చోటే తగిలింది. బ్యారేజీకి మొత్తం 70 గేట్లు. మొదటిసారి వెళ్లినప్పుడు పాప 23 దగ్గర ఆగిపోయి, కింద నీళ్లలో నిలబడ్డ కొంగలను చూస్తానంది. లెక్క తప్పిపోతోందని నేను విసుక్కున్నాను. ఆ రోజు దానికి కొంగలు కావాలి, గేట్లు నాకు కావాలి. ఇప్పుడు అది ఎక్కడ ఆగితే అక్కడే లెక్క ఆపుతున్నాను, ఇంతవరకూ 41 దాటలేదు.

అయినా ఒక్క విషయంలో మీతో ఏకీభవించలేను. పిల్లల వెనుక నిలబడాలన్న జాగ్రత్తతో తండ్రి తన ఇష్టాన్ని పూర్తిగా దాచుకుంటే, పాపకు కనిపించేది ఆఫీసు నుంచి అలసి వచ్చిన మనిషి ఒక్కడే. బాబు కంటే ముందు కేక వేసినా సరే, ఏ కేకా వేయని ఇంటికంటే అదే నయమని నా అభిప్రాయం.

బ్రాడీపేట అమ్మ, గుంటూరు:

టీచర్ గారు చెప్పినట్టు నిన్న గమనించాను. ముందు కేక వేస్తున్నది మా వారే. ఆ మాట చెబితే కాసేపు చిన్నబుచ్చుకున్నారు. గంట అవగానే తనే టీవీ కట్టేసి, ఇవాళ్టి కథ నానమ్మకు చెప్పమని బాబును పంపారు. వాడు సగం కథ మార్చేశాడు, భీముణ్ణి దుర్గమ్మ కొండ ఎక్కించి అక్కడ పులిహోర తినిపించాడు. మా వారు సరిదిద్దబోయి ఆగిపోయారు. అత్తగారు మొత్తం విని, "మరి ఆ కాలియాకు కూడా పెట్టాడా?" అని అడిగారు. పెట్టలేదన్నాడు బాబు. తండ్రి టీవీ ముందు కూర్చోవడం ఆవిడకు ఇప్పటికీ ఇష్టం లేదు, ఆ మాట రాత్రి భోజనాల దగ్గర మళ్లీ అన్నారు. కానీ ఈ రోజు సాయంత్రం కాలియాకు ఎవరైనా ఏమైనా పెట్టారేమో చూసి వచ్చి చెప్పమని పొద్దున్నే బాబుకు పని అప్పగించారు.