ప్రెషర్ 14 ఉన్నా గ్లాకోమా ముదురుతోందట, ఎలా?

గుంటూరు_కారం:
పొద్దున్నుంచి నెట్ గాలిస్తూనే ఉన్నా, బుర్ర వేడెక్కిపోయింది. అమ్మకు 64. రెండేళ్లుగా గ్లాకోమా, అదే కంటి నరం మెల్లగా దెబ్బతినే జబ్బు. రాత్రి పూట చుక్కల మందు. ఎప్పుడు చూపించినా కంటి బీపీ 14, 15. "కంట్రోల్‌లో ఉంది" అనేవారు. నిన్న ఫీల్డ్ టెస్ట్ (చుట్టుపక్కల ఎంతవరకు కనిపిస్తోందో చూసే పరీక్ష) చేసి కుడికన్ను ఇంకా దెబ్బతిందన్నారు. ప్రెషర్ బాగానే ఉంటే నరం ఎలా పాడవుతుంది? షుగర్ కూడా లేదు. ఆపరేషన్ అంటారేమోనని టెన్షన్.

పాతకాలం_మాస్టారు:
ముందు "కంటి బీపీ" అనడం మానండి. బీపీ అంటే రక్తపోటు, ఇది కంట్లో ఊరే ద్రవం ఒత్తిడి. గ్లాకోమాకు మనకు నీటికాసులు అని చక్కటి మాట ఉంది. దీన్ని కూడా శుక్లం అనుకుని "ముదిరాక ఆపరేషన్ చేయిద్దాంలే" అని కూర్చునేవాళ్లు మా ఊళ్లో బోలెడుమంది. శుక్లం తీస్తే చూపొస్తుంది. నీటికాసుల్లో పోయింది పోయినట్టే.

చుక్కలమందు:
నెలకు ఎన్ని సీసాలు కొంటున్నారు?

కళ్లజోడు_కబుర్లు:
నేను ఆప్టోమెట్రీ చదివాను. కంటి ఒత్తిడి 21 లోపు ఉంటే మామూలే అంటారు గానీ అందరికీ క్షేమమని కాదు, కొందరి నరానికి 14 కూడా ఎక్కువే. కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) మందం కొలిచారా? పలచగా ఉంటే మిషన్ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. నరం అంచున రక్తపు చార కనిపించినా, ఎక్కువ మైనస్ పవర్ ఉన్నా, ఇంట్లో ఇంకొకరికి ఉన్నా జాగ్రత్తపడాలి. స్వీడన్‌లో చేసిన ఒక పెద్ద అధ్యయనంలో ఒత్తిడి 1 మి.మీ. తగ్గినకొద్దీ ముదిరే ప్రమాదం సుమారు 10 శాతం తగ్గిందని తేలింది. అందుకే టార్గెట్ ఇంకా కిందికి పెడతారు. ఒక్క ఫీల్డ్ టెస్ట్‌తో కంగారొద్దు, అలసటగా ఉన్నా తప్పు వస్తుంది. మళ్లీ చేయించండి.

గుంటూరు_కారం:
కార్నియా రిపోర్టులో 492 అని ఉంది. అది పలచనా? కీళ్ల నొప్పులకు ఏవో బిళ్లలు వాడుతుంది, అవి కంటికి సంబంధించినవి కావు కదా.

కళ్లజోడు_కబుర్లు:
492 పలచనే. ఆ బిళ్లల్లో స్టెరాయిడ్ ఉంటే సంబంధం ఉంటుంది! చీటీ కళ్ల డాక్టర్‌కు చూపించండి. రాత్రి బీపీ బిళ్ల వేసుకుంటారా? నిద్రలో బీపీ మరీ పడిపోతే నరానికి రక్తం చాలదు. మీరే ఆపేయకండి, అడగండి.

పాతకాలం_మాస్టారు:
చూశారా, ఇప్పుడు ఏ బీపీ గురించి మాట్లాడుతున్నారో తెలియట్లేదు. అందుకే మాటలు సరిగ్గా వాడాలంటాను.

వేపచెట్టు:
మాస్టారూ, ఆవిడ కళ్లు కాపాడాక భాషను కాపాడుకుందాం. నీటికాసులంటే మా నాన్నమ్మ కళ్లలో నీళ్లు కారడం అనుకునేది, మరి?

చుక్కలమందు:
నా ప్రశ్నకు జవాబు రాలేదు. 2.5 మి.లీ. సీసా తెరిచాక దాదాపు నెలే. చెకప్‌కు నాలుగు రోజుల ముందు నుంచి వేసుకున్నా 14 వస్తుంది. మిగతా రోజుల మాటేంటి?

గుంటూరు_కారం:
అమ్మ ఊళ్లో ఒక్కతే ఉంటుంది, నేను హైదరాబాద్. రోజూ వేసుకుంటున్నా అనే చెబుతుంది. ఆగండి, మందుల షాపుకు ఫోన్ చేస్తా.

గుంటూరు_కారం:
ఆరు నెలల్లో రెండు సీసాలే కొన్నదట. "మంట పుడుతోంది, చూపు బాగానే ఉందిగా" అంటోంది. శనివారం ఊరెళ్తున్నా. థాంక్స్ అండీ.

పాతకాలం_మాస్టారు:
వేపచెట్టు గారూ, నీళ్లు కారడానికీ దీనికీ సంబంధం లేదు, రేపు వివరంగా రాస్తాను.