మూసిన ఫ్లాట్‌లో రెండు పూటలా సాంబ్రాణి పొగ వేయొచ్చా?

నిజాంపేట కోడలు
మూడో అంతస్తులో అద్దెకుంటున్నాం. పడమటి కిటికీ తీస్తే పక్క బిల్డింగు గోడే కనిపిస్తుంది. బాత్రూం వెంటిలేటర్లు డక్ట్‌లోకి ఉంటాయి. వానలు మొదలైన దగ్గర్నుంచి గుమ్మంలో అడుగు పెట్టగానే ముక్కిన వాసన, దాంతోపాటు మురుగు కంపు. మా అత్తమ్మ పొద్దున, సాయంత్రం తలుపులన్నీ వేసి కప్పు సాంబ్రాణి వెలిగిస్తారు. గదంతా పొగ పడితేనే ఇల్లు శుభ్రమైనట్టు ఆవిడకి. బాబుకి నాలుగేళ్లు, పిల్లికూతలు వస్తుంటాయి, ఇన్‌హేలర్ నడుస్తోంది. పొగ తగ్గుతుందని మావారు ప్లగ్గుకి పెట్టే రూమ్ ఫ్రెషనర్ తెచ్చారు. “ఆ మందు వాసన కంటే నా సాంబ్రాణే నయం” అంటారావిడ. మీరేమంటారు? పెద్దావిడని నొప్పించాలని లేదు.

బోడుప్పల్ బామ్మ
అమ్మాయ్, మీ అత్తగారి మాట తీసిపారేయకు. చంటిపిల్లలకి తలంటి, సాంబ్రాణి పొగ పట్టి జుట్టు ఆరబెట్టేవాళ్లం. సందెదీపం పెట్టాక పొగ వేస్తే దోమలు తగ్గేవి, ఇంటికి కళ వచ్చేది. సీసాలో నింపిన సెంటు కంటే చెట్టు జిగురు మేలు. ఈ మాట మీద నేను గట్టిగా ఉంటాను.

లాడ్‌బజార్ తమ్ముడు
బామ్మ చెప్పింది నేనూ ఒప్పుకుంట. మా చార్మినార్ కాడ పొద్దుగాల షటర్లు లేవంగనే ఫకీర్ సాబు లోబాన్ పొగ వట్టుకొని దుకాణం దుకాణం తిరుగుతడు. లోబాన్ అన్నా సాంబ్రాణి అన్నా ఒకటే బంక. గానీ అక్కా, అది బజారు. పొగ అట్ల తాకి ఇట్ల పోతది. తలుపులు బందువెట్టి ఏసుడు వేరే ముచ్చట. ఇంకోటి, ఇప్పుడొచ్చే కప్పు సాంబ్రాణిల బొగ్గు పొడి, సెంటు కూడా కలుపుతరు. బామ్మ కాలంల నిప్పుల మీద చల్లిన సాంబ్రాణి, ఇది ఒకటి కాదు.

జాలీ కింద చూడండి
అపార్టుమెంట్ల మెయింటెనెన్స్ పనిలో ఉన్నాను కాబట్టి చెబుతున్నా. సాంబ్రాణా, ఫ్రెషనరా అన్నది తర్వాత. మీరు రాసినదాంట్లో రెండు వేర్వేరు వాసనలున్నాయి, రెండూ వేర్వేరు చోట్ల నుంచి వస్తున్నాయి.

ముందు మురుగు కంపు. బాత్రూంలో నీళ్లు పోయే జాలీ కింద ఉండేదాన్ని నహానీ ట్రాప్ అంటాం. చాలా ఇళ్లలో అందులో బోర్లించిన గిన్నె ఒకటి ఉంటుంది. దాని అంచు ఎప్పుడూ నీళ్లలో మునిగి ఉండాలి. ఆ రెండంగుళాల నీళ్లే మీ ఇంటికీ డ్రైనేజీ పైపుకీ మధ్య తలుపు. జుట్టు చుట్టుకుని నీళ్లు నిలిచిపోతున్నాయని ఎవరో ఒకరు ఆ గిన్నె తీసి పక్కన పడేస్తారు. అంతే, నీళ్లు జోరుగా పోతాయి, పైపులోని గాలి జోరుగా ఇంట్లోకి వస్తుంది. కుళ్లిన కోడిగుడ్డు కంపు హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. జాలీ ఎత్తి చూడండి. గిన్నె ఉంటే, ఆ బాత్రూం వాడకంలో లేక నీళ్లు ఎండిపోయాయేమో చూడండి. అప్పుడు రెండు మగ్గుల నీళ్లు పోస్తే చాలు. వేసవి సెలవులకి ఊరెళ్లి వచ్చినవాళ్ల ఇంట్లో కొట్టే కంపు చాలాసార్లు ఇదే. వంటింటి సింకు కింద పైపు నేలలోకి దిగేచోట సందు ఉన్నా ఇంతే, రబ్బరు వాషర్ వేసి మూయాలి.

ఇక ముక్కిన వాసన, అది బూజుది. వాషింగ్ మెషీన్ ముందు తలుపుదైతే రబ్బరు మడత వేళ్లతో విప్పి చూడండి, నల్లగా జిగట పట్టి ఉంటుంది. వేడి నీళ్లలో ముంచిన గుడ్డతో తుడిచి, వాడాక తలుపు తెరిచే ఉంచాలి. ఫ్రిజ్ వెనక అడుగున నీళ్లు పడే ట్రే ఉంటుంది, కడిగేవాళ్లు బహు తక్కువ. ఎండాకాలం వాడి అటకెక్కించిన కూలర్లో గడ్డి తడిగా ఉండిపోయినా అదే వాసన.

ఒక అరగంట బయట తిరిగొచ్చి వాసన చూడండి. ఇంట్లోనే ఉన్న ముక్కు కొద్ది నిమిషాల్లోనే దానికి అలవాటు పడిపోతుంది. అందుకే మనకి తెలియనిది చుట్టాలకి గుమ్మంలోనే తెలుస్తుంది.

ఉప్పల్ రిప్లై
ఇంత శ్రమ ఎందుకండీ, జాలీ మీద నాలుగు కలరా ఉండలు వేయండి, పోతుంది.

ఈసీఐఎల్ నర్సు
చిన్నపిల్లలున్న ఇంట్లో దయచేసి వద్దు. కలరా ఉండలు నాఫ్తలీన్. తెల్లగా మిఠాయిలా ఉంటాయి, పిల్లలు నోట్లో పెట్టుకుంటారు. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్నవాళ్లలో ఎర్ర రక్తకణాలు చితికిపోయి కామెర్లు వస్తాయి. ఆ లోపం ఉన్నట్టు చాలామందికి తెలియదు కూడా. అలాగే బాత్రూం కడిగేటప్పుడు బ్లీచింగ్ పౌడర్, యాసిడ్ కలపకండి. క్లోరిన్ వాయువు పుడుతుంది. ఆయాసం ఉన్న బిడ్డకి అది ప్రాణం మీదికి తెస్తుంది.

పొగ సంగతి కూడా ఖరాఖండిగా చెబుతాను. అగరుబత్తి అయినా సాంబ్రాణి అయినా కాలితే సన్నని ధూళి వస్తుంది, అది ఊపిరితిత్తుల లోతుకి పోతుంది. పీఎం 2.5 అనే ఈ సన్నని ధూళి గాలిలో 24 గంటల సగటున ఘనపు మీటరుకి 15 మైక్రోగ్రాములు దాటకూడదని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మన దేశంలో హద్దు 60. మూసిన గదిలో పొగ ఈ రెండింటినీ దాటేస్తుంది. ప్లగ్ ఫ్రెషనర్ కూడా పరిష్కారం కాదు. అందులోని నిమ్మవాసన రసాయనం గాలిలోని ఓజోన్‌తో కలిసి ఫార్మాల్డిహైడ్ తయారవుతుంది. పిల్లికూతలున్న బాబు గదిలో రెండూ వద్దు.

మల్కాజిగిరి చేపలపులుసు
నేనూ ఒక మాట చెప్పాలి. ఇల్లు అద్దెకి అడిగితే మొదటి ప్రశ్న “నాన్‌వెజ్ తింటారా?” నీచు వాసనట. ఆ భయానికి మావాళ్లు చేపలు వండిన రోజు కట్టలకొద్దీ అగరుబత్తులు కాలుస్తారు. అవసరమే లేదు. నీచు వాసన ట్రైమిథైల్ అమీన్‌ది, అది క్షారం. పులుపు తగిలితే ఆవిరవడం మానేస్తుంది. పులుసు పిండాక మిగిలిన చింతపండు పిప్పితో సింకు, కత్తిపీట, చేతులు రుద్దండి. మొప్పలు, పేగులు కవర్లో కట్టి డీప్ ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున చెత్త ఆటో రాగానే తడి చెత్తలో వేయండి. ఏం వండుకుంటున్నామో దాచుకుంటూ బతకాల్సిన పని లేదు.

బోడుప్పల్ బామ్మ
నర్సమ్మా, బిడ్డ గదిలో వద్దంటే వద్దు, ఒప్పుకుంటాను. కానీ దేవుడి దగ్గర చిటికెడు కూడా వేయకూడదంటే ఒప్పుకోను. కిటికీ తీసి, వాకిట్లో వేసుకోనివ్వండి. పొగ వాసన ఉంటేనే ఆవిడకి అది తన ఇల్లు.

ఈసీఐఎల్ నర్సు
బాల్కనీలో అయితే సరే పెద్దమ్మా, తలుపు మూసి. ఇంటి లోపలైతే నేను ఒప్పుకోలేను. అమ్మాయి, బాబు డాక్టరుగారి చేతే ఒకసారి ఆవిడకి చెప్పించు.

నిజాంపేట కోడలు
జాలీ ఎత్తి చూశాను. కామన్ బాత్రూంలో గిన్నె లేదు! లోపల నల్లటి గుంట, ముఖం మీదికే కొట్టింది. ప్రస్తుతానికి తడిగుడ్డ కుక్కి, పైన ఇటుక పెట్టాను. అత్తమ్మకి చూపిస్తే “అయితే ఇన్నాళ్లూ ఇదా” అన్నారు. సాయంత్రం పొగ బాల్కనీలో వేయడానికి సరే అన్నారు, పొద్దున పూజ దగ్గర మాత్రం మాననంటున్నారు. అన్నా, గిన్నె విడిగా దొరుకుతుందా?

జాలీ కింద చూడండి
శానిటరీ షాపుల్లో విడిగా అడగండి చెల్లీ. టేపుతో లోపలి అంచు నుంచి అంచుకి కొలిచి, జాలీ కూడా పట్టుకెళ్లండి. వదులుగా కూర్చుంటే నీళ్లు నిలవవు, కంపు మళ్లీ వస్తుంది. విడిగా దొరక్కపోతే జాలీతో సహా మార్చాలి. అద్దె ఇల్లు కదా, ఓనరుతోనే పెట్టించండి.