పెద్ద మామిడి చెట్టు కాండం నుంచి పొట్టు రాలుతోంది, బెరడు ఊడుతోంది, ఏం చేయాలి?

పెరటిమామిడి:
అందరికీ నమస్కారం. మా పెరట్లో పాతికేళ్లు దాటిన మామిడి చెట్టు ఉంది. ఈమధ్య చెట్టు మొదలు దగ్గర రంపపు పొట్టు లాంటిది కుప్పగా పడుతోంది, ఊడ్చేస్తే మర్నాటికి మళ్లీ పడుతోంది. మోకాలి ఎత్తులో రెండు కన్నాలు కనిపించాయి, ఒకదాంట్లోంచి ముదురు రంగు బంక కారి ఎండిపోయి ఉంది. ఇది చాలదన్నట్టు రెండో పక్క రెండు అరచేతుల మేర బెరడు లేచిపోయింది, పశువును కట్టేసిన తాడు రాపిడి వల్ల అయి ఉంటుంది. వేలితో కొడితే డొల్లగా చప్పుడు వస్తోంది. ఒక కొమ్మ ఆకులు పసుపు పడి రాలిపోతున్నాయి, మిగతా చెట్టంతా పచ్చగానే ఉంది.

చూసినవాళ్లు తలో మాట చెబుతున్నారు. తారు పూయమని ఒకరు, సిమెంటు నింపమని ఒకరు, కొట్టేయడమే మేలని ఇంకొకరు. కొట్టేయమంటే మనసు ఒప్పడం లేదు. ముందు పురుగు సంగతి చూడాలా, బెరడు సంగతా? ఏ మందు వాడాలి? చాలా టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు చెప్పండి.

తోటమనిషి:
కొట్టేయకండి, చెట్టు పచ్చగా ఉందంటున్నారు కదా. ముందు పురుగు సంగతే చూడండి, ఎందుకంటే బెరడు గాయం ఇవాళ ఎంతుందో వారం తర్వాతా దాదాపు అంతే ఉంటుంది గానీ లోపలి పురుగు రోజూ తింటూనే ఉంటుంది.

మీరు చెప్పిన గుర్తులను బట్టి ఇది కాండం తొలిచే పురుగే అనిపిస్తోంది. పొడవాటి మీసాలున్న పెద్ద పెంకుపురుగు బెరడు పగుళ్లలో గుడ్లు పెడుతుంది, పిల్లపురుగు లోపలికి తొలుచుకుపోయి నెలల తరబడి కలప తింటుంది. తెల్లగా, కాళ్లు లేకుండా, బాగా ఎదిగితే వేలంత పొడవు ఉంటుంది. కన్నం దగ్గర పడిన పొట్టును వేళ్ల మధ్య నలిపి చూడండి. పీచులా, కాస్త తడిగా ఉంటే పురుగు ఇంకా లోపల బతికే ఉందని లెక్క. ఎండిపోయి, పిండిలా ఉంటే అది పాత కన్నం కావచ్చు. ఆ తేడా తెలియాలంటే సాయంత్రం కాండం అంతా శుభ్రంగా తుడిచేసి, పొద్దున్నే ఏ కన్నం కింద కొత్త పొట్టు పడిందో చూసి దాని పక్కన సుద్దతో గుర్తు పెట్టుకోండి. పని ఆ కన్నాలకే, అన్నిటికీ కాదు.

తర్వాత సైకిల్ చువ్వ చివర కాస్త వంచి, కన్నంలోకి తోసి, మెల్లగా తిప్పుతూ బయటికి లాగండి. పురుగు దొరికితే చువ్వకు తడి అంటుకుని వస్తుంది, ఒక్కోసారి పురుగే ముక్కలై వస్తుంది. దారి వంకర తిరిగి ఉంటే చువ్వ అందదు, అప్పుడు కిరోసిన్‌లో తడిపిన దూదిని లోపలికి కుక్కి, పైన బంకమట్టితో గట్టిగా మూసేయండి. దూది తడిస్తే చాలు, డబ్బా ఎత్తి పోయొద్దు, ఎక్కువైతే బెరడు కింద బతికున్న పొర చచ్చిపోతుంది. దగ్గర్లో నిప్పు లేకుండా చూసుకోండి. కొన్ని రోజుల తర్వాత మళ్లీ పొట్టు పడుతోందేమో చూసి, పడితే మళ్లీ అదే పని. ఓపిక కావాలి అంతే.

కాయల మీద ఉన్న చెట్టుకు పురుగుమందు ఇంజెక్షన్లు ఎక్కించమని ఎవరైనా చెబితే మాత్రం వినకండి. తినే కాయ అది.

పచ్చనిచెట్టు:
తోటమనిషి గారు పురుగు గురించి చెప్పింది సరిగ్గా ఉంది. నేను బెరడు గురించి రాస్తాను, ఎందుకంటే ఎక్కువ చెట్లు పాడయ్యేది ఈ తారు, సిమెంటు పనుల వల్లే అని నా గట్టి నమ్మకం.

ఆకుల్లో తయారైన ఆహారం వేళ్లకు దిగేది బెరడు లోపలి పొరలోంచే. అందుకే గాయం ఎంత పొడవుందన్నది కాదు, కాండం చుట్టూ ఎంత మేర ఉందన్నది చూడాలి. టేపుతో చుట్టుకొలత తీసుకుని, అందులో బెరడు పోయిన వెడల్పు ఎంతో చూడండి. పావు వంతు లోపు అయితే పెద్ద చెట్టు మామూలుగా తట్టుకుంటుంది. సగం దాటితే ప్రమాదం. చుట్టూ పూర్తిగా పోతే కింది బెరడుకూ పై బెరడుకూ మధ్య పుల్లలు అతికించే బ్రిడ్జి గ్రాఫ్టింగ్ తప్ప వేరే దారి లేదు, అది అనుభవమున్నవాళ్లే చేయాలి.

డొల్లగా చప్పుడు వచ్చే బెరడు చచ్చిన బెరడు. పదునైన కత్తిని స్పిరిట్‌తో తుడిచి, ఆ లేచిన బెరడును గట్టిగా అతుక్కుని ఉన్న చోటు వరకు కోసి తీసేయండి. అంచు తగిలిందని ఎలా తెలుస్తుందంటే, గోటితో కాస్త గీస్తే లోపల పచ్చగా, తడిగా ఉంటుంది. అక్కడ ఆగిపోండి, ఇంకా కోయకండి. అంచులు నున్నగా ఉండాలి, నీళ్లు నిలిచే గుంట మిగలకూడదు. చెట్టు గాయాన్ని మన చర్మంలా మాన్పుకోదు, చెడిన కలపను లోపలే అడ్డుగోడ కట్టి వేరు చేసి, అంచుల నుంచి కొత్త బెరడు పెంచుకుంటూ వస్తుంది. తారు పూస్తే కింద తేమ ఇరుక్కుపోయి కుళ్లు ముదురుతుంది. సిమెంటు అయితే గాలికి చెట్టు ఊగినప్పుడల్లా లోపల రాసుకుంటుంది. రెండూ వద్దు.

రైతుబిడ్డ:
తారు పూసిన చెట్లు ఏళ్ల తరబడి బతకడం నేను చూశాను అండీ, మరీ అంత చెడ్డదంటే నమ్మబుద్ధి కావడం లేదు. సరే, తారు వద్దంటే గాయాన్ని అలా వదిలేయాలా? వానాకాలం వస్తే శిలీంధ్రం పట్టదా?

పచ్చనిచెట్టు:
బతికాయంటే చెట్టు సత్తువ వల్ల బతికాయి, తారు వల్ల కాదు. పొడి వాతావరణంలో శుభ్రంగా కోసిన గాయాన్ని వదిలేసినా ఏమీ కాదు. కానీ మీరన్నట్టు వానలుంటే, పైగా ఇక్కడ బంక కూడా కారుతోంది కాబట్టి, బోర్డో పేస్టు పూయడం మంచిది. అది శిలీంధ్రాన్ని ఆపుతుంది, తారులా గాలాడకుండా చేయదు.

లీటరు పేస్టుకు 100 గ్రాముల మైలుతుత్తం అర లీటరు నీళ్లలో, 100 గ్రాముల పొడి సున్నం మరో అర లీటరులో విడివిడిగా కలపండి. ప్లాస్టిక్ లేదా మట్టి పాత్రలే వాడండి, ఇనుము వద్దు. సున్నం చల్లారాక రెండూ మూడో పాత్రలోకి కలుపుతూ పోయండి. శుభ్రమైన ఇనుప మేకు ఒక నిమిషం ముంచి తీయండి, మేకు మీద రాగి రంగు పట్టిందంటే సున్నం తక్కువైందని, ఇంకాస్త కలపాలి. ఏ రోజు చేసింది ఆ రోజే పూయాలి. గ్లవ్స్ వేసుకోండి, కళ్లలో పడకుండా చూసుకోండి.

పెరటిమామిడి:
మీరు చెప్పినట్టు చేశాను. ఒక కన్నంలోంచి లావాటి తెల్ల పురుగు వచ్చింది, రెండోది ఎండిన పాత కన్నమే. గాయం చుట్టుకొలతలో ఐదో వంతు కూడా లేదు, ప్రాణం లేచి వచ్చింది! అయితే పైన పంగలో పొట్టు, సాలెగూడు లాంటి దారాలు కలిసి పట్టీలా అంటుకుని ఉన్నాయి. ఇది కూడా అదే పురుగా? పసుపు పడిన కొమ్మ సంగతేంటి?

తోటమనిషి:
అది వేరేది, బెరడు తినే గొంగళి పురుగు. పగలు పంగలో ఉన్న కన్నంలో దాక్కుని, రాత్రి ఆ పట్టీ కింద తిరుగుతూ బెరడు గీరి తింటుంది. గట్టి బ్రష్‌తో ఆ గూడంతా రుద్ది తీసేస్తే కింద కన్నం బయటపడుతుంది, దానికీ చువ్వే. ఇది లోతుగా వెళ్లదు కాబట్టి సులువుగా దొరుకుతుంది.

కొమ్మకు చివర నుంచి గోటితో గీసుకుంటూ వెనక్కి రండి. ఎక్కడ పచ్చదనం కనిపిస్తే అక్కడి నుంచి జానెడు కిందికి, పంగ దగ్గరున్న ఉబ్బెత్తు వలయాన్ని ముట్టుకోకుండా కోసేయండి. కోసిన కొమ్మను చెట్టు కింద పడేయకండి, లోపల పురుగులుంటే అక్కడే పెంకుపురుగులై మళ్లీ ఎక్కుతాయి. కాల్చేయడమే మంచిది.

ఇంకొకటి, నీళ్లు, ఎరువు చెట్టు మొదలు దగ్గర పోయొద్దు. కాండం చుట్టూ మట్టి ఎగదోసి ఉంటే తీసేయండి, పాదు కొమ్మల నీడ అంచున ఉండాలి. నీరసించిన చెట్టునే ఈ పురుగులు ఎక్కువ వెతుక్కుంటాయి. వానలు మొదలయ్యాక పెద్ద పెంకుపురుగులు బయటికి వస్తాయి, అప్పుడు కాండాన్ని మొదలు నుంచి పంగ దాకా తరచూ చూస్తూ ఉండండి. పశువును మాత్రం ఇంకో చోట కట్టేయండి.