చెల్లెలు విడుదల పత్రం మీద సంతకం పెట్టాలా, వద్దా?

పాకాల పిల్ల:
మాది పాకాల పక్కన పల్లె. ముత్తాత నాటి నుంచి పంచుకోకుండా వస్తున్న 4 ఎకరాల బెంగళూరా మామిడి తోట ఉంది. నాయన పోయి ఏడేళ్ళయింది. వీలునామా ఏమీ రాయలేదు. ఆ ఏడాదే నేను నా హక్కు అన్నకు వదులుకుంటూ సంతకం పెట్టేశాను. చెల్లెలికి అప్పటికి పదహారేళ్ళే, మేజరు కాదు కాబట్టి దాని సంతకం మిగిలిపోయింది. ఇప్పుడు దాన్నీ పెట్టమంటున్నాడు. "అక్క పెట్టింది కదా, నీకేమొచ్చె?" అంటున్నాడు. అది నన్నడుగుతోంది.

నా సంగతి చెప్తా. రిజిస్టర్ ఆఫీసు బయట చెట్టు కింద పత్రాలు రాసేటాయన దస్తావేజు చదివి వినిపించాడు. "నా మనఃపూర్వకంగా, ఎవరి బలవంతమూ లేకుండా" అనే చోటికి వచ్చేసరికి గబగబా చదివేశాడు. పని అయ్యాక అన్న ఒక పట్టుచీర, పసుపు కుంకుమ, కవరులో 50 వేలు చేతిలో పెట్టాడు. అందరం హోటల్లో టిఫిన్ చేసి బస్సెక్కాం.

నేను ఎం.ఏ. తెలుగు చదివాను. స్త్రీవాద కవిత్వం మీద ప్రాజెక్టు రాశాను. 1993లో వచ్చిన 'నీలిమేఘాలు' సంకలనం అట్ట ఊడిపోయినా ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఆ రోజు పెన్ను చేతికిచ్చినప్పుడు అందులో ఒక్క లైను కూడా గుర్తు రాలేదు. సంతకం పెట్టకపోతే సంక్రాంతికి ఏ ఇంటికి పోవాలి అన్నదొక్కటే మనసులో తిరిగింది. చెల్లెలికి ఏం చెప్పమంటారు?

బంగారుపాళ్యం రైతు:
అమ్మా, కోపం తెచ్చుకోవద్దు, మీ అన్న లాంటి వాణ్ణి నేను. నాకు ఇద్దరు అక్కలు. ఇద్దరి పెళ్ళి అప్పులూ తోట మీదే తెచ్చాం, తీర్చింది నేను. కాయ రేటు పడిపోయిన ఏడు కోత కూలి కూడా రాదు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టరుతో రెండు రాత్రులు పడుకున్నా. అమ్మకు షుగరు, నెలనెలా మందులు. ఇవన్నీ ఎవరి వాటాలో వేస్తారు? పైగా మా ఊళ్ళో వాటా కావాలని ముందుగా అనేది అల్లుడే. బిడ్డ పేరున రాస్తే ఏడాది తిరక్కుండా అమ్మించేస్తారు. 4 ఎకరాలు మూడు ముక్కలైతే బోరు ఎవరిది, దారి ఎవరిది? సమానత్వం మంచిదే, కాదనను. చేను మీద నిలబడి చూడండి అంటున్నా.

కోర్టు వీధి:
చట్టం సంగతి ముందు తేల్చుకుందాం, ఎందుకంటే చాలామంది 2005 నుంచే ఆడపిల్లకు హక్కు వచ్చిందనుకుంటారు. మన రాష్ట్రంలో హిందూ వారసత్వ చట్టానికి ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచే అమల్లోకి వచ్చింది. అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకు ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకుతో సమానంగా పుట్టుకతో హక్కు ఇచ్చింది. తమిళనాడు 1989లో, కర్ణాటక, మహారాష్ట్ర 1994లో ఆ దారిలోనే వచ్చాయి. 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర చట్టం పెళ్ళయిందా లేదా అన్న తేడా తీసేసింది. ఆ తేదీ నాటికి తండ్రి బతికి ఉండనక్కర లేదని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో తేల్చింది.

మీ లెక్క: అది నిజంగా ఉమ్మడి ఆస్తే అయితే నాయన, అన్న, మీరు, చెల్లెలు తలా ఎకరా. నాయన ఎకరాలో మళ్ళీ ముగ్గురు బిడ్డలకు, మీ అమ్మకు 25 సెంట్ల చొప్పున. అంటే చెల్లెలికి ఎకరా 25 సెంట్లు. అదే నాయన స్వార్జితమైతే నలుగురికీ తలా ఎకరా. కాగితాలు చూడకుండా ఏదీ ఖాయం చేసుకోవద్దు.

రైతన్నా, పెళ్ళికిచ్చిన కట్నాన్ని చట్టం వాటా కింద లెక్కగట్టదు. 1961 నుంచి కట్నం ఇవ్వడమే నేరం కదా. ఆ బంగారం, డబ్బు చాలా ఇళ్ళల్లో ఆడపిల్ల చేతిలో ఉండవు కూడా.

కాళహస్తి అక్క:
నేను వాటా తీసుకున్నదాన్ని. 60 సెంట్లు. దానికి నేను చెల్లించింది కూడా చెప్పాలి. నాలుగేళ్ళు పుట్టింటి గడప తొక్కలేదు. మా అమ్మ పోయిన సంగతి పక్కింటామె ఫోన్ చేస్తే తెలిసింది. నేను పోయేసరికి ఎత్తేశారు. ఇది రాస్తుంటే ఇప్పటికీ చేతులు వణుకుతున్నాయి.

తరవాత మా ఆయన పోయాడు. అత్తగారింట్లో నన్ను ఉంచుకోవాలా వద్దా అని పెద్దమనుషులు కూర్చున్నప్పుడు, నా పేరున ఆ 60 సెంట్లు ఉన్నందుకే నా మాటకు ఒక విలువ ఉండింది. దాని కౌలుతో కూతుర్ని పద్మావతి మహిళా యూనివర్సిటీలో చదివిస్తున్నా. పాకాల చెల్లీ, నీ చెల్లెలికి రెండూ చెప్పు. ఒకటి దాచి ఒకటి చెప్పొద్దు.

క్యాంపస్ నుంచి:
నాకు మాత్రం ఇదంతా స్త్రీవాదం తెచ్చిన తంటా అనిపిస్తుంది. అన్నాచెల్లెళ్ళ బంధాన్ని సెంట్లలో కొలిచే పద్ధతి మనది కాదు. సిటీల్లో, పుస్తకాల్లో పుట్టిన మాటలు ఇవి.

కాళహస్తి అక్క:
తమ్ముడూ, కొలిచింది మేము కాదు. మాకు సున్నా సెంట్లని ముందే కొలిచిపెట్టారు. ఇక మన పద్ధతి అంటావా, తరిగొండ వెంగమాంబ ఏ సిటీలో పుట్టింది? 18వ శతాబ్దంలో, మన సీమ పల్లెలో. భర్త పోయాక తల గొరిగించుకోనని ఊరి పెద్దల ముందు నిలబడిందని మా అవ్వ కథలాగా చెప్పేది. తిరుమలకు పోయి వెంకటాచల మాహాత్మ్యం రాసింది. ఈ రోజుకీ ఏకాంత సేవలో ఆమె ముత్యాల హారతి ఇస్తున్నారు. కొండ మీద అన్నం తినే హాలుకు ఆమె పేరు పెట్టుకున్నాం. బతికుండగా ఆమెను ఎన్ని మాటలన్నారో కూడా గుర్తు పెట్టుకోవాలి కదా.

బంగారుపాళ్యం రైతు:
కాళహస్తి అమ్మా, మీ అమ్మగారి సంగతి చదివి రాత్రి నిద్ర పట్టలేదు. మా అక్కలు ఎప్పుడూ అడగలేదు. అడగలేదు కాబట్టి వద్దనుకున్నారనుకున్నా. భయపడి అడగలేదేమో అని ఇప్పటిదాకా తట్టలేదు. అయినా నేను తీర్చిన అప్పు సంగతి అప్పే. వాటా మాట వస్తే అది కూడా కాగితం మీద పెట్టాలి. అమ్మను చూసుకునే ఖర్చు కూడా ముగ్గురూ పంచుకోవాలి. అట్లయితే నేను ఒప్పుకుంటా.

కోర్టు వీధి:
న్యాయమైన మాట. అప్పు తోట కోసమో కుటుంబం కోసమో చేసిందైతే దాన్ని పంపకంలో చూపించి తీర్చుకోవచ్చు. భూమిని ముక్కలు చెయ్యక్కర లేదు కూడా. చెల్లెలి వాటాకు వెల కట్టి అన్న విడతలుగా ఇవ్వొచ్చు. లేదంటే తోట ఆయనే చేసుకుంటూ ఏటా కౌలు ఇవ్వొచ్చు. సంతకం పెట్టకుండా ఉండటమంటే గొడవకు దిగడం కాదు. ఒకసారి రిజిస్టరయితే మాత్రం వెనక్కి తీసుకోవడం చాలా కష్టం. మోసమో బలవంతమో జరిగిందని కోర్టులో నిరూపించాలి. తెలిసిన నాటి నుంచి మూడేళ్ళలోపే దావా వెయ్యాలి.

పాకాల అమ్మాయికి ఒక ప్రశ్న. మీ అమ్మగారి 25 సెంట్లు ఏమయ్యాయి?

పాకాల పిల్ల:
మీరడిగాక ఇంటికి పోయి బీరువాలో ఉన్న నకలు తీసి చూశాను. ఏడేళ్ళలో దాన్ని మళ్ళీ చదవలేదు. మొదటి సంతకం అమ్మదే. నాది దాని కింద. ఆ రోజు అమ్మ నా పక్కనే కూర్చుని ఉండింది. నా దిగులులో పడి ఆమె కూడా తనది వదులుకుంటోందని నేను గమనించనే లేదు.

మా అమ్మ బడికి పోలేదు. డ్వాక్రా గ్రూపులో చేరినప్పుడు వేలిముద్ర వెయ్యనని పట్టుబట్టి సంతకం నేర్చుకుంది. నేనే పలక మీద రాసిస్తే దిద్దింది. లోను కాగితం మీద మొదటిసారి పెట్టినప్పుడు ఇంటికొచ్చి అందరికీ చూపించింది. దస్తావేజు మీద ఉన్నది అదే సంతకం. చివరి అక్షరం కొమ్ము ఇప్పటికీ కొంచెం పక్కకే పోతుంది.

చెల్లెల్ని పక్కన కూర్చోబెట్టుకుని అమ్మనడిగాను, నీ భాగం వదులుకుంటున్నానని నీకు తెలుసా అని. చాలాసేపు మాట్లాడలేదు. "నన్నెవురు అడిగినారు? పెట్టమన్నారు, పెట్టినా" అనింది. తరవాత చెల్లెలి వైపు తిరిగి, "నువ్వు చదివి పెట్టు" అని వంటింట్లోకి పోయింది.

అన్నకు రాత్రి ఫోన్ చేశాం. చెల్లెలే మాట్లాడింది. సంతకం పెట్టను, కూర్చుని లెక్క చూసుకుందాం రా, అమ్మ భాగం కూడా అందులో ఉండాల అనింది. ఫోన్ పెట్టేశాడు. ఆదివారం వస్తాడో రాడో చూడాలి.