‘తమ లోతు కనుక్కోమంటాయ్’: ఏం లోతు?

సందేహి: పొద్దున్న అరిగిపోయిన సబ్బుముక్కని కొత్తబిళ్లకి అతికిస్తుంటే, కిటికీ వెలుతురు పడి దాని అంచు గాజులా మెరిసింది. వెంటనే శ్రీశ్రీ ‘ఋక్కులు’ కవిత గుర్తొచ్చింది. రొట్టెముక్కా, అరటితొక్కా, బల్లచెక్కా ‘తమ లోతు కనుక్కోమంటాయ్’ అంటాడు కదా, ఆ లోతు ఏమిటి? వాటి వెనకున్న చెమటా, ఉత్త విస్మయమా? తర్వాత ‘ఔనౌను శిల్పమనర్హం’ అని కూడా ఉంది.

పాతప్రతి: అనర్హం కాదు, అనర్ఘం. పై పాదంలో ‘కవిత కనర్హం’ ఉంది కాబట్టి నాలుక అటే పోతుంది.

ఛందోభంగం: పోదూ మరి! రెండూ అర్హ ధాతువు బిడ్డలే. ర కింద ఒత్తు మారితే పనికిరానిది కాస్తా వెలలేనిదైపోయింది. మురారి సంస్కృత నాటకం ‘అనర్ఘరాఘవం’లో ఉన్నదీ ఈ ఘకారమే.

వాల్తేరువాసి: ఇంకాసేపుంటే పాణిని కూడా వచ్చేస్తాడు. అసలు ‘ఔనౌను’ ఎవరితో అంటున్నాడు? అన్నీ కవితలేనా, మరి శిల్పం అక్కర్లేదా అని ఎవడో సణిగితే, ‘సరేలేవయ్యా, అదీ గొప్పదే’ అని సర్దిచెప్పడం కాదూ?

పాతప్రతి: లేని మనిషిని కవితలోకి దించకండి. ఆ పాదాలకి ముందున్న తలుపుగొళ్లెం, హారతిపళ్లెం, గుర్రపుకళ్లెం చేసినవాడి పనితనమే శిల్పం. ‘తాజమహల్ నిర్మాణానికి రాళ్ళెత్తిన కూలీలెవ్వరు’ అనడిగినవాడు మరోలా ఎందుకంటాడు?

గోదారిగట్టు: ఇదంతా పోతన ఏనాడో చెప్పేశాడు. ‘ఎందెందు వెదకి చూచిన నందందే కలడు’. స్తంభం కూడా ఇంట్లో సామానేగా!

పాతప్రతి: ఆ స్తంభంలో హరి ఉన్నాడు. ఈ అరటితొక్కలో అరటితొక్కే ఉంది.

గోదారిగట్టు: అదేమన్నా తక్కువా? లోపలివైపు గోటితో గీరి చూడండి. తెల్లటి గుజ్జు పోయి సన్నటి పీచు బయటపడుతుంది, నిలువునా, ఈ కొసనుంచి ఆ కొసకి.

సందేహి: అదే నేనడుగుతున్నది! పైగా అవే మన వైపు చూస్తూ ఉంటాయట. లోతు సంగతి ఎవరైనా...

ఛందోభంగం: ఉండండి, ముందు కవిత మొదట్లోని కుక్కపిల్లా, అగ్గిపుల్లా, సబ్బుబిళ్లా తేలాలి. ల, ళలకి అభేదం ఉంది, అంటే రెండూ ఒకటిగానే లెక్క, కాబట్టి ప్రాస చెల్లుతుంది.

వాల్తేరువాసి: అభేదం చెప్పింది రెండో అక్షరం ప్రాసకండీ. ఇది అంత్యప్రాస.

ఛందోభంగం: ఏ లక్షణగ్రంథంలో ఉందో చెప్పండి.