పీఎస్ ఇంటర్‌ఫేస్ మీద పీపీపీవోఈ: పాడీ వస్తోంది, పాడో వెళ్లడం లేదు

విశాఖలో చిన్న ఇంటర్నెట్ సర్వీసు మాది. ద్వారకానగర్‌లో జూనిపర్ ఎమ్‌ఎక్స్ రౌటర్, గాజువాకలో యాక్సెస్ స్విచ్, మధ్యలో ఎల్2సర్క్యూట్ (రెండు చివరలను ఒకే ఈథర్నెట్ తీగలా కలిపే లింకు). గాజువాక కస్టమర్ల పీపీపీవోఈ (ఈథర్నెట్ మీద లాగిన్ అయ్యే పద్ధతి) కనెక్షన్లను పీఎస్0 మీద, అంటే ఆ సర్క్యూట్ వచ్చి ముగిసే సూడోవైర్ ఇంటర్‌ఫేస్ మీద దించాలి. యాంకర్ (పీఎస్0కు ఆధారమయ్యే లోపలి పోర్టు) ఎల్‌టీ-0/0/0, టన్నెల్ సర్వీసెస్ బ్యాండ్‌విడ్త్ 10జీ, సర్క్యూట్ వైపు యూనిట్ అయిన పీఎస్0.0కు ఎన్‌క్యాప్సులేషన్ ఈథర్నెట్-సీసీసీ.

సర్క్యూట్ అప్‌లోనే ఉంది. కస్టమర్ రౌటర్ ఆన్ చేయగానే వీలాన్ 210కి డైనమిక్ యూనిట్ (తనంతట తానే తయారయ్యే ఉప-ఇంటర్‌ఫేస్) పుడుతోంది, అంటే పాడీ (సర్వర్‌ను వెతుకుతూ కస్టమర్ రౌటర్ పంపే మొదటి ప్యాకెట్) వస్తున్నట్టే. ట్రేస్‌లో పాడో (పాడీకి మా రౌటర్ ఇచ్చే జవాబు) పంపినట్టు కూడా చూపిస్తోంది. గాజువాక వైపు క్యాప్చర్ పెడితే మాత్రం వరసగా పాడీలే, జవాబు ఒక్కటీ లేదు. ఇక్కడ పీఎస్0.0 అవుట్‌పుట్ కౌంటర్ సున్నా దగ్గరే కూర్చుంది. సాయంత్రం రద్దీలో చూసినా, తెల్లవారుజామున ఒక్క కస్టమరుతో చూసినా ఇదే తంతు.

ఎమ్‌టీయూ రెండు వైపులా సరిపోల్చాం. కంట్రోల్ వర్డ్ (సర్క్యూట్ ప్యాకెట్లకు తగిలించే అదనపు హెడర్) రెండు చివరలా తీసేసి చూశాం, ఫిల్టర్లు కూడా. ఇదే డైనమిక్ ప్రొఫైల్ మామూలు ఫిజికల్ పోర్టు మీద శుభ్రంగా పనిచేస్తోంది. కాబట్టి రేడియస్ (లాగిన్ తనిఖీ చేసే సర్వర్) మీద అనుమానం లేదు, అసలు వ్యవహారం అక్కడిదాకా వెళ్తేగా!

పాడో డైనమిక్ యూనిట్ నుంచి పీఎస్0.0కి చేరకుండా ఆపుతున్న సెట్టింగ్ ఏదై ఉంటుంది, దాన్ని ఏ కమాండ్‌తో పట్టుకోవచ్చు?